పరుగన్న గిట్టనివాడు

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దలు చెప్పిరి. ఈ సామెతను వినకుండ పెరిగిన బిడ్డ మన యిండ్లలో ఉండడు. తొందరపాటును వారించుటకే ఈ మాట పుట్టినదని పండితులు సమర్థింపవచ్చును. ఐనను మన భాషలో పరుగు అను మాటకు గౌరవము తక్కువయని ఒప్పుకొనక తప్పదు. అప్పులవాడు వచ్చినప్పటి పరుగు, కుక్క తరిమినప్పటి పరుగు, రైలు తప్పిపోవునను పరుగు, పెండ్లియింటి ఉరుకులు పరుగులు - ఎటు చూచినను పరుగు వెనుక ఒక భయమో, ఒక అవసరమో నిలిచియుండును. నడక యట్లు కాదు. నడక యనగా నడవడి. రచనకు నడక యున్నది, పద్యమునకు నడక యున్నది, మనుష్యుని శీలమునకు నడక యున్నది. పరుగునకు ఇట్టి మర్యాద ఏదియు దక్కలేదు. ఎవరును తరుమకుండ, ఏ పనియు లేకుండ, తన సంతోషమునకై తానే పరుగెత్తువాడు మన వీథులలో నిన్న మొన్నటి వరకును వింతమనిషియే.

ఇందుకు విరుద్ధమైన సాక్ష్యములు లేకపోలేదు. రైళ్లును మోటారులును రాక పూర్వము టపాసంచిని భుజమున వేసికొని, చేతికర్రకు గజ్జెలు కట్టుకొని, అడవిదారులవెంట పరుగెత్తిన టపామనుష్యులు మన దేశమున ఉండిరి. గజ్జెల చప్పుడు వినగానే బాటసారులు దారి తొలగుచుండిరి. పల్లెలలో పిల్లలు చెడుగుడు ఆడుదురు, కోతికొమ్మచ్చి ఆడుదురు; పరుగు లేని ఆట వారికి రుచింపదు. కాని మీసము మొలచిన పిదప మనము పరుగు చాలించుదుము. సంక్రాంతి పండుగకు ఎడ్లను పందెమున పరుగెత్తించి, మనము గట్టుపై నిలిచి కేకలు వేయుదుము. తెలియని విద్య యని దీనిని అనుటకు వీలులేదు. పెద్దరికమునకు తగదని మనమే ప్రక్కకు నెట్టితిమి.

బడులలో జరిగిన పని ఇంతకంటె చెడ్డది. అచట పరుగును శిక్షగా వాడిరి. ప్రార్థనకు ఆలస్యముగా వచ్చినవానికి ఆటస్థలము చుట్టు మూడు చుట్లు, ఎక్కము అప్పగింపలేనివానికి ఐదు చుట్లు. నేను చదువుకొన్న బడిలోను ఇదే శాసనము. మండుటెండలో, వట్టికాళ్లతో, తోడిపిల్లలు కిటికీలనుండి నవ్వుచుండగా పరుగెత్తిన బిడ్డకు పరుగుపై ప్రీతి యెట్లు కలుగును? తప్పు చేసిన పిల్లవానిని పిలిచి, మామిడిపండు తిను, అదియే నీకు శిక్ష యని చెప్పిన మాస్టరును నేనెచటను చూడలేదు. పాట పాడుటను శిక్షగా విధించినవారు కొందరుండిరి. వారి శిష్యులు నేటికిని నోరు విప్పి పాడరు. మనలో పెక్కురకు పరుగు గిట్టకపోవుటకు శరీరముకంటె ఈ జ్ఞాపకమే ఎక్కువ కారణమని నా నమ్మకము.

గిట్టని పరుగు ప్రాణప్రదమైన కథ యొకటి యున్నది. అది చెక్ దేశములోని మొరావియా ప్రాంతమున జరిగినది. దూరదేశపు కథయే యైనను, అది మొదలైన చోటి పేరు మన యిండ్లకు పరాయిది కాదు. అది బాటా చెప్పుల కర్మాగారము. 1894లో జ్లీన్ అను పట్టణమున పుట్టిన ఆ సంస్థ తరువాతికాలమున కలకత్తా దగ్గరి బాటానగరము వరకును వ్యాపించినది. మన బజారులలో ఆ పేరుగల బోర్డు చూడనివారు అరుదు. 1941లో, జర్మనులు ఆ దేశమును ఆక్రమించియున్న కాలమున, జ్లీన్ కర్మాగారమున ఎమిల్ జాటోపెక్ అను పదునెనిమిదేండ్ల కుర్రవాడు పని చేయుచుండెను. 1922 సెప్టెంబరు 19న కోప్రివ్నిత్సె అను ఊర ఒక వడ్రంగి యింట పుట్టినవాడు. పరుగుపందెములపై అతనికి ఆసక్తి యేమియు లేదు.

కర్మాగారమువారు ఏటేట పట్టణవీథులలో ఒక పరుగుపందెము నడపుచుండిరి. అచటి వ్యాయామశిక్షకుడు మిక్కిలి కఠినుడు. ఒకనాడు నలుగురు కుర్రవాండ్రను వ్రేలితో చూపి, మీరు పరుగెత్తవలెనని ఆజ్ఞాపించెను. ఆ నలుగురిలో ఎమిల్ ఒకడు. తాను బలహీనుడననియు, పరుగునకు తగననియు అతడు మొరపెట్టుకొనెను. శిక్షకుడు అతనిని వైద్యునియొద్దకు పంపెను. వైద్యుడు పరీక్షించి, వీనికి ఏ లోపమును లేదని తేల్చెను. ఇక తప్పించుకొను దారి లేదు. నూరుగురు పాల్గొన్న ఆ పందెమున అతడు రెండవవాడుగా వచ్చెను. బయలుదేరువరకు ఇష్టము లేదనియు, బయలుదేరిన పిదప గెలువవలెనని తోచినదనియు, కాని రెండవస్థానమే దక్కినదనియు ఆయన పెద్దవాడైన పిదప చెప్పుకొనెను.

ఇచట మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. బలవంతపెట్టిన ప్రేమ పుట్టునని ఈ కథవలన తేల్చినచో, మన బడిమాస్టరు చేసినదియు ఒప్పే కావలెను. ఆనాడు వ్రేలితో చూపబడినవారు నలుగురు. తక్కిన ముగ్గురును జాటోపెక్‌లు కాలేదు. బలవంతము వాకిలి తీసినది, అంతే. లోపలికి పోయి చూడవలెనను కోరిక ఎమిల్‌దే. మరియొక భేదము కలదు. మన పిల్లవానిని పరుగెత్తించినప్పుడు, నీవు తప్పు చేసితివి అని ప్రతి అడుగును చెప్పుచుండును. ఎమిల్‌ను పరుగెత్తించినప్పుడు, నీవు ఎంతవరకు పోగలవు అను ప్రశ్న అతని యెదుట నిలిచినది. పరుగు అదే, కాళ్లు అవే. అవమానము పనిని ముగించును; ప్రశ్న పనిని మొదలిడును.

ఆ ప్రశ్న అతనిని విడువలేదు. తనపై తానే ప్రయోగములు చేయనారంభించెను. పనికి పోవు దారిలో వరుసగా నిలిచిన పాప్లరు చెట్లుండెను. మొదటిదినమున నాలుగు చెట్లు దాటువరకు ఊపిరి బిగబట్టెననియు, మరునాడు ఐదు, ఆ మరునాడు ఆరు, ఇట్లు పెంచుకొనుచు పోయి ఒకనాడు చెట్లు ముగియునప్పటికి స్పృహ తప్పి పడెననియు చెప్పుదురు. ఇది అనుకరింపదగిన పని కాదని వేరుగా చెప్పనక్కరలేదు గదా! కాని ఆ కుర్రవాని మనస్సు దీనిలో కనబడును. ఇతరులను ఓడించుటకు ముందు తన హద్దు ఎచటనున్నదో తెలిసికొనవలెనను కుతూహలము అది. 1944 నాటికి 2000, 3000, 5000 మీటర్ల పరుగులలో తన దేశపు రికార్డులు అతనివే యైనవి.

ఆయన సాధన చేసిన పద్ధతి ఆనాటివారికి విపరీతముగా తోచినది. దూరపు పరుగునకు దూరముగా పరుగెత్తి సాధన చేయవలెనని తక్కినవారి మతము. మెల్లగా పరుగెత్తుట నాకు వచ్చును గదా, వచ్చిన పనిని మరల నేర్చుకొననేల, వేగముగా పరుగెత్తుటయే నేర్వవలెను గదా అని ఇతని వాదము. కావున దూరమును ముక్కలుగా నరకెను. 200 మీటర్ల పరుగులు ఐదు, 400 మీటర్ల పరుగులు ఇరువది, మరల 200 మీటర్ల పరుగులు ఐదు. ప్రతి రెండు పరుగుల నడుమ ఊపిరి కుదుటపడువరకు నెమ్మదియైన చిన్న పరుగు. కొన్నేండ్లకు ఈ 400 మీటర్ల పరుగులు దినమునకు నూటి వరకును పెరిగినవి. అనగా ఒక్క దినమున 40 కిలోమీటర్లు. అట్టి ముక్కల సాధన ఇతనికి ముందును కొందరికి తెలియును గాని, దానిని ఇంత దూరము లాగినవాడు లేడు.

సైన్యమున చేరిన పిదప బరువైన సైనికుల బూట్లతో పరుగెత్తెను. చీకటిపడిన పిదప చేతిదీపము పట్టుకొని మంచులో పరుగెత్తెను. బయటికి పోవీలులేని దినమున స్నానపుతొట్టిలో మాసిన బట్టలును సబ్బుపొడియు వేసి, నీళ్లు నింపి, వానిపై నిలిచి ఉన్నచోటనే పరుగెత్తెనట! బట్టలు శుభ్రమైనవి, సాధనయు సాగినది. మన చాకిరేవులను చూచిన వారికి ఈ సంగతి వింతగా తోచదు. ఆయన పరుగెత్తునప్పటి రూపము మాత్రము అందమైనది కాదు. తల ఒకప్రక్కకు వ్రాలును, నాలుక బయటపడును, ముఖము ప్రాణాంతకమైన బాధతో మెలితిరిగినట్లుండును. పత్రికలవారు ఎత్తిపొడిచినప్పుడు, పరుగెత్తుచు నవ్వగల ప్రతిభ నాకు లేదని బదులిచ్చెను. ఇష్టముతో చేయు పనిలో బాధ ఉండదని తలచువారు ఆ ఛాయాచిత్రములను ఒకసారి చూడవలెను.

ఇంతటి మహావీరుని సాధనవలన మధ్యవయస్కులమైన మనకేమి లాభమని శ్రోతలు అడుగవచ్చును. ఆయన వేగము మనకక్కరలేదు. ఆయన నరికిన ముక్కలు మనకక్కరకు వచ్చును. క్రొత్తగా మొదలిడువారు సాధారణముగా ఏమి చేయుదురో గమనింపుడు. బడిలో నూరు మీటర్ల పందెమున పరుగెత్తినట్లే, ఉన్న బలమంతయు కూర్చుకొని బయలుదేరుదురు. రెండు నిమిషములకే కండరములు కోరునంత ప్రాణవాయువును గుండెయు ఊపిరితిత్తులును అందింపలేవు. రొప్పు పుట్టును, డొక్కలో పోటు వచ్చును, కాళ్లు రాళ్లగును. పరుగనగా ఇదియేయని నిశ్చయించుకొని, నాకు పరుగు పడదని ఇంటికి వచ్చెదరు. వారు విసిగినది పరుగుచేత కాదు, వేగముచేత. ప్రక్కనున్నవానితో ఒక పూర్తి వాక్యము మాటాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తవలెను. మాట తెగినచో నడువవలెను. కొంత పరుగు, కొంత నడక, మరల కొంత పరుగు. ఇందు చిన్నతనమేమియు లేదు. నడుమ ఊపిరి పట్టుకొనుట జాటోపెక్ వంటివానికే తప్పలేదు గదా!

శరీరములో జరుగు మార్పులు అన్నియు ఒక్క వేగమున నడువవు. ఈ సంగతి తెలియక చెడినవారు పెక్కురు. రక్తములోని ద్రవభాగము కొన్ని దినములలోనే పెరుగును. గుండె ఒక్కొక్క కొట్టుకొనుటలో పంపు రక్తము వారములలో పెరుగును. కండరములలో క్రొత్త కేశనాళికలును, శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలును పెరుగుటకు మరికొంతకాలము పట్టును. ఎముకలు, స్నాయువులు మాత్రము మిక్కిలి మందకొడివి. అవి గట్టిపడుటకు నెలలు కావలెను. అందుచేత ఒకటి రెండు నెలలు గడచునప్పటికి ఊపిరి హాయిగా ఆడును. ఇక నాకు ఎదురేమున్నదని మనిషి దూరము పెంచును. అప్పుడు మోకాలును, కాలి ముందరి యెముకయు మొరపెట్టును. ఊపిరి చెప్పిన మాట విని ఎముకలపై బరువు వేయుట సంపాదనను చూచుకొని అప్పు చేయుటవంటిది. గుండెజబ్బు, మధుమేహము, రక్తపుపోటు కలవారు మొదటి అడుగు వైద్యుని యింటివైపే వేయవలెను. ఛాతిలో నొప్పి తోచినచో ఆనాటికి అచటనే ఆగవలెను.

మన యెండల మాట కూడ చెప్పవలెను. చలిదేశములవారు వ్రాసిన నియమములను మక్కికిమక్కిగా పాటించిన మన కోస్తా ఉక్కలో పని జరుగదు. చెమట ఆరినప్పుడే శరీరము చల్లబడును. గాలిలో తేమ నిండియున్నప్పుడు చెమట కారునేగాని ఆరదు. అందువలన అదే వేగమునకు గుండె హెచ్చుగా కొట్టుకొనును. వేసవి మొదలైనప్పుడు పరుగు బరువెక్కుట సోమరితనము కాదు. ఒకటి రెండు వారములలో శరీరము కొంత అలవాటుపడును. తెల్లవారుజామునే ముగించుకొనువాడు బుద్ధిమంతుడు.

నా అనుభవము కొంచెము చెప్పుదును. వైద్యుని సలహాపై నేను మొదలిడునాటికి ఏబదియేండ్లు దాటినవి. కృష్ణాడెల్టాలో మా ఊరి కాలువగట్టు నా ఆటస్థలము. గట్టువెంట విద్యుత్తు స్తంభములున్నవి. ఒక స్తంభమునుండి మరియొక స్తంభమువరకు పరుగు, తరువాత రెండు స్తంభముల దూరము నడక. మొదటివారమున అంతకుమించి చేతకాలేదు. ఎదురుగా సైకిలుపై వచ్చిన పాలవాడు ఆగి, "ఏం బాబుగారూ, ఎవరైనా వెంటబడ్డారా?" అని నిజమైన ఆదుర్దాతో అడిగెను. పరుగెత్తి పాలు త్రాగు సామెత ఆ క్షణమున నాకు గుర్తువచ్చి నవ్వాగలేదు. ఆ నవ్వుతో ఉన్న ఊపిరియు పోయినది. గట్టుపై కూర్చుంటిని. అతడు దిగి, సైకిలు నిలిపి, నేను లేచువరకు కదలలేదు.

రెండవనెలలో రెండు స్తంభముల పరుగునకు ఒక స్తంభము నడకయైనది. ప్రీతి యెప్పుడు పుట్టినదని అడిగిన చెప్పలేను. ఒక ఉదయమున కాలువలో నీళ్లు విడిచిరి. ఎండి పగిలిన అడుగుపై ఎర్రనినీరు ప్రాకుచు నాతోకూడ వచ్చుచున్నది. దాని వెంబడి కొంగలు. దానిని చూచుచు లాకుల దగ్గరకు వచ్చినంతట స్తంభములు లెక్కపెట్టుట మరచితినని తెలిసినది. మరునాడు కాళ్లు మరల సీసమువలె బరువైనవి; నాలుగు స్తంభములకే ఇల్లు చేరితిని. ఇట్టి పనులలో ప్రీతి ఒక్కసారి వచ్చి పీట వేసికొని కూర్చుండదు. చుట్టమువలె వచ్చును, పోవును. కొంతకాలమునకు రాకపోకలు దగ్గరపడును.

ఈ సంతోషమునకు శాస్త్రజ్ఞులు కారణము వెదకుచున్నారు. పరుగెత్తినవారి మెదడున ఎండార్ఫిన్‌లు ఊరుననియు, హాయి వానివలననేననియు చాలకాలము చెప్పిరి. కాని రక్తములోని ఎండార్ఫిన్‌లు మెదడులోనికి సులభముగా చొరలేవు. 2021లో ప్రకటింపబడిన జర్మనుల పరిశోధన యొకదానిలో ఆ జాతి పదార్థముల పనిని మందుచే అడ్డగించిననుగూడ పరుగెత్తినవారి హాయి తగ్గలేదు. కావున ఇపుడు చూపు వేరొక పదార్థముపైకి మరలినది. అది మన శరీరమే తయారుచేసికొనునది. 1992లో జెరూసలేములోని ప్రయోగశాలయందు దానిని కనుగొన్నవారిలో లూమిర్ హనుష్ అను చెక్ దేశీయుడొకడు. వారు ఆ పదార్థమునకు పెట్టిన పేరు ఆనందమైడ్. ఆనంద శబ్దమును మన సంస్కృతమునుండియే తీసికొనిరి. పరుగునకు మన భాష ఈయని మర్యాద ఈ విధముగా చుట్టుతిరిగి లభించినది. ఐతే ఈ పదార్థము ఊరుటకు కొంతసేపు నిలకడగా పరుగెత్తవలెను. రెండు నిమిషములకే రొప్పి ఇల్లు చేరువానికి అది అందదు.

ఇంతవరకు నేను పురుషుల మాటయే చెప్పుచుంటినని వినుచున్న తల్లులు, అక్కచెల్లెండ్రు గమనించియుందురు. కాలువగట్టు వారికి నాకున్నంత స్వేచ్ఛగా లేదు. తెల్లవారుజామున పొయ్యి, బిడ్డలు, కుళాయినీళ్లు వారికొరకు కాచుకొనియుండును. అవి దాటి బయటికి వచ్చిన దారిప్రక్క చూపులు కాచుకొనియుండును. పరుగెత్తిన పాలవాడు నన్ను ప్రశ్నించెను. నా భార్యయే పరుగెత్తిన ఊరంతయు ప్రశ్నించెడిది. మన హైదరాబాదులో ఏటేట వానకాలమున జరుగు మారథానులో ఆడవారును పెద్దసంఖ్యలో పాల్గొనుచున్నారు. నగరమునకు వచ్చిన ఈ ధైర్యము మా గట్టు వరకు ఇంకను రాలేదు. ఇందుకు బాధ్యులు ఆడవారు కారు. గట్టుపై తెల్లవారుజామున నిలబడి బీడీ కాల్చు పదిమంది తమ చూపులను కాలువవైపు మరల్చినచో సగము పని తీరును. ఇక వయస్సు మాటకు వత్తును. పంజాబు రైతు ఫౌజాసింగు కొడుకును పోగొట్టుకొన్న దుఃఖములో ఇంగ్లండున పరుగు చేపట్టి, తన లెక్క ప్రకారము 89వ యేట, 2000లో, లండను మారథానును పూర్తిచేసెను. 2011లో టొరంటోలో నూరేండ్లవాడుగా మరల పరుగెత్తెను. పుట్టినతేదీకి కాగితము లేదని ఆ రికార్డును కొందరు అంగీకరింపలేదు. కాగితమెట్లున్నను, ఆ కాళ్లు 42 కిలోమీటర్లు దాటిన మాట నిజము. 2025లో సొంత ఊరి దగ్గర వాహనము తగిలి ఆయన మరణించెను.

ఇక హెల్సింకి సంగతి. అప్పటికే 1948లో లండను ఒలింపిక్సులో జాటోపెక్ 10,000 మీటర్ల స్వర్ణమును గెలిచియుండెను. 1952 జులై నెలలో హెల్సింకిలో మరల 10,000 మీటర్లు గెలిచెను. నాలుగు దినములకు 5000 మీటర్ల పందెమున కడపటి మలుపువరకు నలుగురు కలిసియున్నారు. ఆ మలుపులో ముగ్గురిని దాటిపోయెను. అదే మధ్యాహ్నము ఆయన భార్య డానా ఈటె విసరుటలో స్వర్ణపతకము గెలిచెను. భార్యాభర్తలు పుట్టినది ఒకే సంవత్సరము, ఒకే దినము. స్వర్ణము గెలిచినదియు ఒకే దినము. ఇంతటితో ఊరకుండక, జన్మమున ఎన్నడును పరుగెత్తని మారథానునకు పేరిచ్చెను.

ఆ పందెమునకు ఇంగ్లండువాడు జిమ్ పీటర్స్ పేరుమోసినవాడు. కొన్నివారములకు ముందే ప్రపంచమున అత్యుత్తమమైన కాలమును సాధించియుండెను. ఎంత వేగమున పోవలెనో తెలియని జాటోపెక్ ఆయనను కనిపెట్టుకొని పరుగెత్తెను. కొంతదూరము పోయిన పిదప, ఈ వేగము సరియేనా అని పీటర్స్‌ను అడిగెను. అలసియున్న పీటర్స్, ఎదుటివానిని బెదరించుటకై, ఇది చాల నెమ్మది అనెను. జాటోపెక్ ఆ మాటను నమ్మి ముందుకు సాగిపోయెను. పీటర్స్ తుదివరకు రాలేక నడుమనే ఆగిపోయెను. 2 గంటల 23 నిమిషముల 3 సెకండ్లకు జాటోపెక్ క్రీడారంగమున ప్రవేశించెను. రెండవవాడు వచ్చునప్పటికి రెండున్నర నిమిషములు గడచినవి. 5000, 10,000 మీటర్లు, మారథాను - ఈ మూడింటిని ఒకే ఒలింపిక్సులో గెలిచినవాడు ఆయనకు ముందు లేడు, నేటివరకు తరువాతయు లేడు.

నాలుగేండ్లకు మెల్బోర్నులో ఆయన వయస్సు 34. శస్త్రచికిత్స జరిగి ఎన్నో దినములు కాలేదు. మారథానులో ఆరవవాడుగా వచ్చెను. గెలిచినవాడు ఫ్రాన్సు దేశీయుడు అలెన్ మిమూన్. ఎన్నో పందెములలో ఇతని వెనుక రెండవవాడుగా నిలిచిన పాతమిత్రుడు. మిమూన్ గెలిచిన పిదప గీటు దగ్గర ఇతనికొరకు వేచియుండెను. సంగతి తెలియగానే అలసట మరచి జాటోపెక్ మిత్రుని కౌగిలించుకొనెను. 1968లో తన దేశమునకు సోవియట్ సైన్యము వచ్చినప్పుడు బహిరంగముగా ఎదురాడినందుకు ఆయన సైన్యమునుండి తొలగింపబడెను; కొన్నేండ్లు ఇల్లువిడిచి దూరప్రాంతములలో భూమిని తొలచు పనివారితో పని చేసెను. 2000 నవంబరులో మరణించెను.

1960లలో ఆస్ట్రేలియా పరుగువీరుడు రాన్ క్లార్క్ ప్రాగు నగరమునకు వచ్చి ఆయనకు అతిథియైనాడు. క్లార్క్ ఎన్నియో ప్రపంచరికార్డులు నెలకొల్పెను గాని, ఒలింపిక్సు స్వర్ణము మాత్రము అతనికి ఎన్నడును దక్కలేదు. విమానాశ్రయమున వీడ్కోలు చెప్పుచు జాటోపెక్ ఒక చిన్న పొట్లమును అతని చేత పెట్టెను. దేశము దాటింపవలసిన రహస్యపు ఉత్తరమేమోయని తలచి, విమానము పైకెగసిన పిదప గాని క్లార్క్ దానిని విప్పలేదు. లోపల 1952 నాటి 10,000 మీటర్ల స్వర్ణపతకము ఉండెను.